తికాల్ కేసు: క్రీ.శ. 378లో గద్దె ఎవరి చేతికి వెళ్లింది?

క్రీ.శ. 378 జనవరి 16. ఇప్పటి గ్వాటెమాలా ఉత్తర భాగంలో, పెతేన్ అడవుల్లో ఉన్న తికాల్ అనే మాయా నగరానికి పడమటి నుంచి సియాహ్ కాక్ అనే ఒకాయన వచ్చాడు. అదే రోజు తికాల్ రాజు చక్ తోక్ ఇచాక్ చనిపోయాడు. శాసనంలో ఉన్న మాట "నీళ్లలోకి వెళ్లాడు" అని, మాయా వాళ్లు చావును అలా కూడా రాసేవాళ్లు. ఎవరు చంపారు, అసలు చంపారా లేక తనే పోయాడా అన్నది శాసనం చెప్పదు. మరుసటి ఏడాది సెప్టెంబరులో యాష్ నూన్ అహీన్ అనే కొత్త రాజు గద్దెనెక్కాడు. ఆయన బొమ్మల్లో వేషం మాయా రాజుది కాదు. సుమారు వెయ్యి కిలోమీటర్ల అవతల, ఇప్పటి మెక్సికో సిటీకి దగ్గర్లో ఉన్న తియోతివాకాన్ యోధులది.

ఇంతవరకు చదివితే కథ అర్థమైపోయినట్టే ఉంటుంది. లక్ష మంది దాకా ఉన్న మహానగరం వాళ్లు వచ్చారు, చిన్న రాజ్యం రాజుని లేపేశారు, తమ మనిషిని కూర్చోబెట్టారు. డాక్యుమెంటరీల్లో చెప్పేదీ ఇదే. అది పూర్తిగా తప్పు అని నేను అనను, కానీ అందులో ఒక్కో ముక్కకీ ఆధారం ఏమిటని అడిగితే కొన్ని గట్టిగా నిలబడతాయి, కొన్ని నీరుగారిపోతాయి, ఒకటి మాత్రం కథనే తిరగేస్తుంది.

నా పని రాతి పనిముట్లు, ముఖ్యంగా అబ్సిడియన్, అంటే అగ్నిపర్వతాల దగ్గర పుట్టే గాజు లాంటి రాయి. ఏ ముక్క ఏ కొండదో తేల్చడం. తికాల్ తవ్వకాల్లో నేను లేను, ప్రచురించిన నివేదికలూ కొలతలే నాకూ ఆధారం. కొత్తగా చేరినవాళ్లకు ఈ కేసు కసరత్తుగా ఇస్తుంటాను. ఎందుకంటే రాత, రాయి, ఎముక, గోడ అన్నీ ఉన్న కేసులు చాలా తక్కువ, పైగా ఇక్కడ అవన్నీ ఒకే మాట చెప్పవు.

ముందు నేపథ్యం. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వాళ్లు 1956 నుంచి 1970 దాకా తికాల్‌లో పెద్ద ఎత్తున తవ్వారు. తియోతివాకాన్ తరహా కుండలు, పచ్చటి అబ్సిడియన్, వాలు గోడ మీద పలకల చట్రం బిగించినట్టుండే తలూద్-తబ్లేరో కట్టడాలు బయటపడుతూ వచ్చాయి. అప్పట్లో చాలామంది దండయాత్ర అన్నారు. తర్వాత గాలి మళ్లింది. స్థానిక పెద్దలే దర్పం కోసం పరాయి ఫ్యాషన్ తెచ్చుకున్నారు, జరిగింది వ్యాపారమూ అనుకరణే అన్నారు. 2000లో మాయా లిపి పండితుడు డేవిడ్ స్టువర్ట్ శాసనాలను మళ్లీ చదివి, ఆ తేదీన జరిగింది "రాక" అని, వచ్చినవాళ్లు పరాయివాళ్లని గట్టిగా చూపించాక మళ్లీ దండయాత్ర వైపు మొగ్గారు. అంతకుముందే మరో మాయా పండితురాలు తతియానా ప్రొస్కురియాకాఫ్ ఆ తేదీ చుట్టూ పరాయివాళ్ల రాక కనిపిస్తోందని గుర్తించింది. ఈ సంఘటనకు, ప్రవేశం అనే అర్థమున్న స్పానిష్ మాటతో, "ఎంత్రాదా" అనే పేరు స్థిరపడింది.

రాత ఏం చెబుతోంది

ప్రధాన సాక్షి 31వ స్టెలా, స్టెలా అంటే శిల్పం, శాసనం చెక్కి నిలబెట్టిన రాయి. 1960లో 33వ గుడి లోపల దొరికింది, అడుగు భాగం విరిగిపోయి ఉంది. దాన్ని 445లో నిలబెట్టించింది సియాహ్ చాన్ కవీల్, అంటే యాష్ నూన్ అహీన్ కొడుకు. 378 నాటి సంగతి చెబుతున్న ఈ రాయి 67 ఏళ్ల తర్వాతది, పైగా ఆ సంఘటన వల్ల లాభపడిన ఇంటివాళ్లది. మన రాజుల ప్రశస్తి శాసనాలు చదివినవాళ్లకు ఈ జాగ్రత్త వేరే చెప్పక్కర్లేదు.

కాబట్టి మొదట చేయాల్సిన పని ఆ ఇంటికి బయట ఇంకెవరైనా ఇదే చెప్పారా అని చూడటం. చెప్పారు. తికాల్‌కి ఉత్తరాన సుమారు 20 కిలోమీటర్ల దూరంలో ఉన్న వాషక్తున్‌లో 5వ స్టెలా అదే తేదీ, అదే రాక చెబుతుంది, దాని మీద మనిషి చేతిలో ఈటె విసిరే కర్ర ఉంటుంది. పడమట ఎల్ పెరూ-వాకాలో 15వ స్టెలా ప్రకారం సియాహ్ కాక్ తికాల్ చేరడానికి 8 రోజుల ముందు అక్కడికి వచ్చాడు. ప్రయాణం దిశకి అది సరిగ్గా సరిపోతుంది. తూర్పున హోల్ముల్ దగ్గర లా సుఫ్రికాయాలో గోడ మీద రాసిన రాత ఆ రాక జరిగి ఏడాది అయిన సందర్భాన్ని గుర్తుచేస్తుంది, పక్కన మెక్సికో వేషంలో యోధుల బొమ్మలు. నా లెక్కలో ఇది 31వ స్టెలా కంటే విలువైనది. అందంగా ఉండకపోవచ్చు, కానీ సంఘటన వేడి ఆరకముందు, వేరే ఊళ్లో రాసింది.

కాబట్టి రాక నిజం. తేదీ నిజం. రాజు అదే రోజు చావడం మాత్రం 31వ స్టెలా ఒక్కటే చెబుతుంది, దాన్ని ఆ మేరకే తీసుకోవాలి. కొడుకు తన తండ్రికి గద్దె ఎలా వచ్చిందో చెప్పుకుంటూ పాత రాజు చావుని కల్పించి అదే రోజున పెట్టుకుంటాడా? అలా పెట్టుకుంటే తనకే మచ్చ. అందుకే నేను నమ్ముతాను, కానీ ఇది తర్కం మీద నమ్మకం, రెండో సాక్షి మీద కాదు.

ఇంకొక పేరు. ఈటె విసిరే కర్ర, గుడ్లగూబ కలిసిన గుర్తుతో రాసే ఒక పాలకుడు ఉన్నాడు, ఇంగ్లిష్‌లో స్పియర్‌త్రోవర్ ఔల్ అంటారు, మనం గుడ్లగూబ రాజు అనుకుందాం. తికాల్‌లోనే దొరికిన మార్కదోర్ అనే రాతి స్తంభం ప్రకారం ఆయన 374లో గద్దెనెక్కాడు, 31వ స్టెలా ప్రకారం 439లో చనిపోయాడు, యాష్ నూన్ అహీన్ ఆయన కొడుకు. ఆయన తియోతివాకాన్ రాజే అని స్టువర్ట్ వాదన. అక్కడ చిక్కు ఏమిటంటే తియోతివాకాన్ తన రాజుల గురించి ఏమీ రాసుకోలేదు. పేరు పెట్టి గుర్తుపట్టగలిగే రాజు బొమ్మ లేదు, మనం చదవగలిగే రాజశాసనం లేదు, అసలు అక్కడ ఒక్క రాజు ఉండేవాడా లేక కొన్ని వర్గాలు కలిసి నడిపేవా అన్నది ఇప్పటికీ వాదనే. అంటే తియోతివాకాన్‌లో రాజు ఉన్నాడనడానికి మన చేతిలో ఉన్న గట్టి రాత సాక్ష్యం మాయా వాళ్లు రాసినదే.

పచ్చ రాయి

ఇప్పుడు నా పేట. మెక్సికోలోని పచూకా దగ్గర కొండల్లో దొరికే అబ్సిడియన్ పచ్చగా, బంగారు ఛాయతో ఉంటుంది, వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే చాలాసార్లు మెషీన్ అక్కర్లేకుండానే తెలిసిపోతుంది. దాని మీద పట్టు తియోతివాకాన్‌ది. కాబట్టి తికాల్‌లో పచ్చ ముక్క దొరగ్గానే "ఇదిగో తియోతివాకాన్" అనేస్తారు. రాయి వరకు నిజమే. మనిషి వచ్చాడా, సరుకు చేతులు మారుతూ వచ్చిందా అన్నది ఆ రాయి చెప్పదు.

చూడాల్సినవి వేరే ఉన్నాయి. తికాల్ అబ్సిడియన్‌లో అత్యధికం గ్వాటెమాలా ఎత్తైన ప్రాంతంలోని ఎల్ చయాల్ నుంచి వచ్చింది, పచ్చది చాలా చిన్న వాటా. 378 తర్వాత కూడా ఆ లెక్క తలకిందులు కాలేదు. పచ్చ ముక్కలు రాజుల సమాధుల్లోనే కాక మామూలు ఇళ్ల దగ్గర చెత్తలోనూ దొరికాయి, అంటే అది బజారు సరుకులాగా కూడా తిరిగింది. ఒక పెద్ద నగరం ఈ ఊరిని నిజంగా తన కాలనీ చేసుకుంటే, తన చేతిలో ఉన్న సరుకునే పాత సరఫరా స్థానంలో దింపుతుందని ఆశిస్తాం. అలా జరగలేదు. ఇంకా ఇబ్బంది ఏమిటంటే బెలీజ్‌లోని ఆల్తున్ హాలో 3వ శతాబ్దపు ఒక సమాధి మీద పచూకా పనిముట్లు కుప్పగా దొరికాయి, ఎంత్రాదాకి వందేళ్లకు పైనే ముందు, తికాల్ కాని చోట. తికాల్‌లో కూడా ముందో పెర్దిదో అనే పాత పూజాస్థలంలో తలూద్-తబ్లేరో గోడలు 378కి ముందే లేచాయి.

అందుకే శైలిని బట్టి పాలన తేల్చకూడదు. నాగార్జునకొండలో శక సైనికుడిలా కనిపించే శిల్పం ఉంది, ఇక్ష్వాకుల రాణుల్లో ఒకామె ఉజ్జయిని రాజు కూతురని శాసనమూ ఉంది, అయినా విజయపురిని శకులు ఏలారని ఎవరూ అనరు, అక్కడ వియ్యం అందుకున్నారంటాం. రాత లేకపోయి ఉంటే ఆ శిల్పం చూసి మనవాళ్లూ ఏం రాసేవాళ్లో.

పంటి సంగతి

కథని తిరగేసిన ముక్క ఇది. తికాల్‌లో 10వ సమాధి యాష్ నూన్ అహీన్‌ది అనుకుంటున్నారు. తియోతివాకాన్ తరహా బొమ్మలున్న సున్నపు పూత కుండలు, రాజుతో పాటు బలి ఇచ్చిన తొమ్మిది మంది చిన్న వయసువాళ్లు, తల లేని ఒక మొసలి. అహీన్ అంటే మొసలి కాబట్టి పేరు కూడా కలిసింది. అయినా ఇది కాలం, చోటు, సామగ్రి కలిపి చేసిన గుర్తింపు అని మర్చిపోకూడదు.

పంటి పై పొర, ఎనామిల్, చిన్నప్పుడు ఏర్పడి తర్వాత మారదు. ఆ వయసులో తిన్న తిండి, తాగిన నీటి నుంచి స్ట్రాన్షియం అనే మూలకం అందులో చేరుతుంది, ఆ స్ట్రాన్షియం ఐసోటోపుల, అంటే బరువు తేడా ఉన్న రకాల, నిష్పత్తి ఆ ప్రాంతపు రాతి మీద ఆధారపడుతుంది. తియోతివాకాన్ చుట్టూ అగ్నిపర్వత రాయి, నిష్పత్తి 0.7046 దరిదాపుల్లో. పెతేన్ సున్నపురాయి నేల, 0.708 దగ్గర. మనకు మూడో దశాంశంలో చిన్న తేడా, మెషీన్‌కి మాత్రం రెండు వేర్వేరు దేశాలు. 2005లో లోరీ రైట్ ఈ పని చేసి ప్రచురించింది. 10వ సమాధిలోని రాజు చిన్నతనం తికాల్ పరిసరాల్లో గడిచినట్టే తేలింది. తియోతివాకాన్ నుంచి దిగిన రాకుమారుడు కాదు.

ఇది చదవగానే చాలామంది ఉత్సాహపడిపోయి "అంటే పరాయి పాలన అబద్ధం" అంటారు. ఆగాలి. పన్ను చెప్పేది పిల్లవాడు ఎక్కడ తిని పెరిగాడో మాత్రమే. తండ్రి ఎవరో, ఇంట్లో ఏ భాషో, ఎవరి అండతో గద్దెనెక్కాడో చెప్పదు. తియోతివాకాన్ మగాడికీ తికాల్ ఆడపడుచుకీ పుట్టి తికాల్‌లోనే పెరిగిన పిల్లవాడికి కూడా ఇదే అంకె వస్తుంది. పైగా స్ట్రాన్షియంకి దాని గొడవలు దానికున్నాయి. తికాల్ జనం పళ్ల అంకెలు అక్కడి రాతి అంకె కంటే కొంచెం ఎక్కువగా ఉంటే, బయటి నుంచి తెచ్చుకుని తిన్న సముద్రపు ఉప్పు వల్ల అని రైటే వివరించింది. అలాంటి పక్క కారణాలు వదిలేసి అంకె ఒక్కటే పట్టుకుని రిపోర్ట్ రాసేవాళ్లని చూస్తే నాకు టెన్షన్.

అయితే ఈ ఒక్క ఫలితం ప్రశ్ననే మార్చేసింది. "ఎవరు వచ్చి పట్టుకున్నారు" అన్న ప్రశ్న పోయి "378కి ముందు తికాల్‌లో ఎవరెవరు ఉంటున్నారు" అన్నది ముందుకొచ్చింది.

దానికి జవాబు దొరికింది అడవి కింద. 2016లో పెతేన్‌లో రెండు వేల చదరపు కిలోమీటర్లకు పైగా విమానం నుంచి లైడార్ సర్వే చేశారు, చెట్లను దాటి నేల రూపాన్ని లేజర్‌తో పట్టేస్తుందది. 2018లో ఆ ఫలితాలు వచ్చినప్పుడు అరవై వేల కట్టడాల సంఖ్యే వార్తయింది. నాకు అంతకంటే పెద్ద వార్త, తికాల్ నడిబొడ్డుకి దగ్గర్లో ఇన్నాళ్లూ సహజమైన గుట్ట అనుకున్నది మనుషులు కట్టినదని, దాని ప్లాన్ తియోతివాకాన్‌లోని సియుదాదేలా ప్రాంగణానికి చిన్న కొలతలో నకలులా ఉందని తేలడం. ఎద్విన్ రొమాన్ రామిరెస్ బృందం తవ్వి చూసింది. మాయా నగరాల్లో అలవాటైన సున్నపురాయికి బదులు మట్టితో కట్టారు. కట్టడం తిరిగి ఉన్న దిక్కు కూడా తియోతివాకాన్ వీధుల దిక్కే, ఉత్తరం నుంచి తూర్పుకి సుమారు 15 డిగ్రీలు వాలి. మొదటి అంచనా ప్రకారం పని 300 ప్రాంతంలో మొదలైంది.

ఎవరో దూరం నుంచి బొమ్మ చూసి కాపీ కొట్టిన పనిలా ఇది లేదు. కుండ మీద బొమ్మ కాపీ కొట్టొచ్చు, గోడ తరహా కాపీ కొట్టొచ్చు, నగరం నడుమ అంత చోటు తీసుకుని పరాయి దిక్కుకి తిప్పి, పరాయి పద్ధతిలో కట్టాలంటే ఆ పద్ధతి తెలిసిన మనుషులు ఉండాలి, అంతకుమించి ఆ చోటు ఇచ్చిన రాజు ఉండాలి. అంటే దండయాత్ర అనే రోజుకి దాదాపు 80 ఏళ్ల ముందు తికాల్ రాజులే వాళ్లకు స్థలం ఇచ్చారు, అది వ్యాపారుల పేటో, రాయబారుల విడిదో, దేవుడి కోసమో ఏదైనా కానీ.

2025లో ప్రచురించిన ఇంకొకటి దీనికి తోడు. తికాల్‌లోని ఒక ఇళ్ల సముదాయంలో 4వ శతాబ్దం చివరి నాటి పూజాపీఠం దొరికింది, నాలుగు వైపులా తియోతివాకాన్ వాన దేవుడిని పోలిన ముఖం, ఎరుపు, నలుపు, పసుపు రంగులతో. ఆ చేతివాటం తియోతివాకాన్‌లో నేర్చుకున్నవాడిదేనని తవ్వినవాళ్ల అభిప్రాయం. పీఠం పక్కన ముగ్గురు పసిపిల్లల ఎముకలు. తర్వాత ఎప్పుడో ఆ చోటంతా పూడ్చేశారు, రద్దీ నగరం మధ్యలో ఉన్నా మళ్లీ దాని మీద కట్టలేదు.

అవతలి చివర కూడా చూడాలి, మనలో చాలామంది తికాల్ దగ్గరే ఆగిపోతారు. తియోతివాకాన్‌లో ప్లాసా దె లాస్ కొలుమ్నాస్ అనే ప్రాంగణంలో మాయా కుండలు, మాయా తరహా గోడచిత్రాలు దొరికాయి, అంటే అక్కడ కూడా మాయా పెద్దలు మకాం ఉండేవాళ్లు. 250, 300 మధ్య కాలానికి చెందిన ఒక కోతి అస్థిపంజరం దొరికింది. ఆ జాతి కోతి ఆ చలి కొండల్లో ఉండదు, దక్షిణపు అడవుల నుంచి పట్టుకొచ్చి రెండేళ్లకు పైగా బోనులో పెట్టి తిండి పెట్టి, చివరికి గద్దతో, పాములతో కలిపి బలి ఇచ్చారు. కానుకగా వచ్చిందని చదువుతున్నారు, నాకూ అదే సబబు అనిపిస్తుంది. తర్వాత 350, 400 మధ్య ఎప్పుడో ఆ మాయా గోడచిత్రాలను కావాలని ముక్కలు చేసి పూడ్చిపెట్టారు. 4వ శతాబ్దంలోనే అదే నగరంలో రెక్కల పాము గుడి కూడా విధ్వంసానికి గురైంది, అంటే అక్కడ లోపలే ఏదో కుమ్ములాట ఉంది.

ఈ 350-400 అనే కిటికీని 378 జనవరి 16 అనే తేదీకి అంటించేయాలని అందరికీ చేయి లాగుతుంది. నేను అంటించను. యాభై ఏళ్ల కిటికీలో 378 ఒకటి, అంతే. చిత్రాలు ముందే పగిలి, ఆ తెగతెంపుల ఫలితంగా సియాహ్ కాక్ బయల్దేరి ఉండొచ్చు, తికాల్ చేజిక్కాక పగలగొట్టి ఉండొచ్చు. సంబంధాలు చెడాయన్నంత వరకే రాయాలి.

ఇక తికాల్ లోపల పాత రాజుకి ఏం జరిగింది? చక్ తోక్ ఇచాక్ కాలం నాటి 39వ స్టెలా విరిగిన ముక్కగా దొరికింది. ఆ కాలపు ఇంకా చాలా రాళ్లు పగిలి, చోటు మారి ఉన్నాయి. అక్కడితో ఆగితే పాత వంశాన్ని తుడిచేశారని రాయొచ్చు. కానీ అదే రాజు ఇల్లు, 5డి-46 అనే కట్టడం, తర్వాతి శతాబ్దాల్లో ఏ రాజూ పడగొట్టలేదు, దాని మీద పెద్దది కట్టి కప్పెయ్యలేదు. పాత దాని మీద కొత్తది కట్టడమే అలవాటైన నగరంలో ఇది మామూలు విషయం కాదు. కొత్త వంశానికి పాత రాజు స్మారకాల మీద కోపం ఉండొచ్చు, ఆ ఇంటి మీద మాత్రం హక్కు కావాలి. యాష్ నూన్ అహీన్ పెళ్లాడింది పాత రాజవంశపు ఆడపడుచునే అన్న వాదనకి ఇది బాగా సరిపోతుంది.

31వ స్టెలాలో శిల్పాన్ని మళ్లీ చూడండి. ముందు వైపు సియాహ్ చాన్ కవీల్ నిండుగా మాయా రాజు అలంకారంలో, అదీ 292 నాటి 29వ స్టెలాని పోలిన పాత ఫక్కీలో ఉంటాడు. రెండు పక్కలా ఆయన తండ్రి, ఈటె కర్ర పట్టుకుని, కళ్లద్దాల్లాంటి గుండ్రటి కళ్ల దేవుడి ముఖం ఉన్న డాలుతో, తియోతివాకాన్ సైనికుడిలా ఉంటాడు. పైన మళ్లీ అదే తండ్రి సూర్యదేవుడిగా, ఈసారి మాయా పద్ధతిలో. ఒక్క తరంలో ఇంటి భాష, లిపి, పంచాంగం, వేషం అన్నీ మాయాకి వచ్చేశాయి, పరాయి వేషం తండ్రికీ ఆయుధానికీ పరిమితమైంది.

నా తీర్పు ఇది. 378లో జరిగింది సైన్యంతో ఊరిని ఏలుబడిలో పెట్టుకున్న కాలనీ కాదు, ఉట్టి ఫ్యాషనూ కాదు. అప్పటికే రెండు మూడు తరాలుగా తికాల్‌లో పాతుకున్న తియోతివాకాన్ పక్షం, బయటి నుంచి వచ్చిన ఆయుధబలంతో కలిసి చేసిన గద్దె మార్పిడి. తికాల్ పెద్దల్లో కొందరు లోపలి నుంచి తలుపు తీసి ఉంటారు. ఆ ఆఖరి వాక్యానికి నేరుగా ఆధారం లేదు, కట్టడం వయసు, రాజు పన్ను, నిలిచిన ఇల్లు ఈ మూడూ కలిపి నేను అంటున్న మాట. ఎవరైనా "దండయాత్ర" అనే మాటే వాడతానంటే నాకు పోట్లాట లేదు, పక్కన ఎవరి మీద ఎవరు అన్నది రాస్తే చాలు.

ఆ పక్షానికి దొరికిన పరపతి మాత్రం చాలా కాలం పనికొచ్చింది. 695లో తికాల్ రాజు హసావ్ చాన్ కవీల్ తన శత్రు నగరమైన కలక్‌ముల్‌ని ఓడించాక పండగ చేసిన రోజు, గుడ్లగూబ రాజు చనిపోయిన రోజుకి సరిగ్గా 13 కతూన్‌లు, అంటే మన లెక్కలో సుమారు 256 ఏళ్లు. అప్పటికి తియోతివాకాన్ నగరం కూలి చాలా కాలమైంది. లేని నగరం పేరు మీద బతికున్న రాజు గెలుపు జరుపుకున్నాడు.

అవకాశం ఉంటే ముందుగా చేయించాల్సింది ఆ పూజాపీఠం పక్కన ఉన్న పసిపిల్లల పళ్ల పరీక్ష. పాలపళ్ల ఎనామిల్‌లో కొంత భాగం తల్లి కడుపులో ఉండగానే ఏర్పడుతుంది, కాబట్టి అందులో దొరికే స్ట్రాన్షియం ఆ తల్లి గర్భంతో ఉన్నప్పుడు ఎక్కడ ఉందో చెబుతుంది. తల్లులు మెక్సికో నేల మీద ఉన్నారని తేలితే కుటుంబాలే కదిలి వచ్చాయని అర్థం. తికాల్ నేల అంకె వస్తే, ఆ పేటలో మగవాళ్లు వచ్చి ఇక్కడి ఇళ్లలో పెళ్లి చేసుకున్నారేమో అని డీఎన్‌ఏ వైపు వెళ్లాలి. వేడి, తేమ ఉన్న నేలలో డీఎన్‌ఏ నిలవదని ఒకప్పుడు అనుకునేవాళ్లం, కానీ మెక్సికోలోని మాయా నగరం చిచెన్ ఇత్సాలో 64 మంది మగపిల్లల ఎముకల నుంచి తీసి 2024లో ప్రచురించారు. 10వ సమాధి రాజు ఎముక నుంచి కూడా ప్రయత్నించాలి. తల్లి వైపు వంశం, తండ్రి వైపు వంశం విడివిడిగా చూడగలిగితే, గుడ్లగూబ రాజు కొడుకు అన్న మాట రక్తసంబంధమో రాజకీయమో అప్పుడు గట్టిగా అడగొచ్చు.